గుండ్రంగా ఉన్న ప్రతి గుంటా ఉల్క పడ్డదేనా?

పోయిన నెల మహారాష్ట్రలోని లోనార్ సరస్సు ఫోటో వేసి, రాళ్ల గురించీ ఉల్కల గురించీ ఏమైనా అడగండి అన్నాం. ఉత్తరాలు, మెయిళ్లు బాగానే వచ్చాయి. సగం మంది వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఒకటి పంపి "ఇది నిజమేనా సార్" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నారు, వాళ్లందరికీ కలిపి మధ్యలో ఒకే జవాబు ఇచ్చాను, ఏమీ అనుకోకండి.

సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని అజంతా వెళ్లి, అట్నుంచి లోనార్ కూడా చూసొచ్చాం. అక్కడి గైడ్ 52 వేల ఏళ్ల కిందట ఉల్క పడిందన్నాడు. ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే 5 లక్షల 70 వేల ఏళ్లు అని ఉంది. ఇంత తేడా ఏంటండీ? అసలు అది ఉల్క వల్లే అని ఎలా నమ్మాలి, అగ్నిపర్వతం నోరు కాకూడదా? (ఒక టీచరు, అనంతపురం)

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే మీకొచ్చిన అనుమానం పెద్ద పెద్దవాళ్లకే నూటయాభై ఏళ్లు తీరలేదు. 1823లో అలెగ్జాండర్ అనే బ్రిటిష్ అధికారి ఈ గుంట గురించి రాశాడు. అప్పట్నుంచి దాన్ని చూసినవాళ్లలో ఎక్కువమంది అగ్నిపర్వతం పనే అనుకున్నారు. అనుకోరా మరి, చుట్టూ వందల కిలోమీటర్లు నేలంతా లావా గడ్డకట్టిన నల్లరాయే, అంటే బసాల్ట్. దాని మధ్యలో 1.8 కిలోమీటర్ల వెడల్పు, 150 మీటర్ల లోతున్న గుండ్రటి గుంట కనిపిస్తే ఎవరికైనా మొదట తట్టేది అదే.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ లావా పారింది దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట. గుంట చూస్తే అంచులు ఇంకా లేచి నిలబడి ఉన్నాయి. అన్ని కోట్ల ఏళ్లు వానలు పడితే అంచులు అరిగిపోయి, గుంట పూడిపోయి, ఇవాళ మీరు పిల్లలకి చూపించడానికి ఏమీ మిగిలేది కాదు.

తేల్చింది మాత్రం రాయే. 1970ల మొదట్లో మన జియలాజికల్ సర్వే వాళ్లూ అమెరికాలోని స్మిత్‌సోనియన్ పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి సరస్సు అడుగున బోర్లు వేశారు, 1973లో ఫలితాలు అచ్చయ్యాయి. పైకి వచ్చిన రాళ్లలో మాస్కెలినైట్ దొరికింది. ఇది ఏంటంటే, బసాల్ట్‌లో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది, అది కరగకుండానే గాజు అయిపోయింది. మామూలుగా గాజు కావాలంటే రాయి కరిగి గబుక్కున చల్లారాలి కదా. ఇక్కడ స్ఫటికం పై ఆకారం ఉన్నది ఉన్నట్టే ఉంది, లోపల అణువుల వరస మాత్రం చెల్లాచెదురైంది. అలా జరగాలంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి లక్షల రెట్ల ఒత్తిడి రెప్పపాటులో పడాలి. ఏ అగ్నిపర్వతానికీ అంత బలం లేదు. పైనుంచి వచ్చి గుద్దినదానికే ఉంటుంది.

ఇక వయసు. 52 వేలు అన్నది థర్మోల్యూమినిసెన్స్ పద్ధతిలో వచ్చింది, రాయిని వేడిచేస్తే అది లోపల దాచుకున్న శక్తి వెలుగుగా బయటికొస్తుంది, ఆ వెలుగుని బట్టి లెక్క కడతారు. 5 లక్షల 70 వేలు (ఓ 47 వేలు అటూఇటూ) అన్నది ఆర్గాన్ పద్ధతిలో వచ్చింది. రాయి కరిగినప్పుడు అందులోని ఆర్గాన్ వాయువు బయటికి పోయి గడియారం సున్నా దగ్గరికొస్తుంది, తర్వాత పొటాషియం నుంచి మళ్లీ కొద్దికొద్దిగా ఆర్గాన్ పుట్టి పోగవుతూ ఉంటుంది. ఉల్క దెబ్బకి కరిగిన రాళ్ల మీదే ఈ లెక్క చేశారు, కాబట్టి నా ఓటు దీనికే. గైడ్‌ని తప్పుపట్టకండి, ఆయన పాఠం నేర్చుకున్న రోజుల్లో పుస్తకాల్లో 52 వేలనే ఉండేది.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. 2020 జూన్‌లో ఆ నీళ్లు గులాబీ రంగులోకి మారితే మళ్లీ ఏదో అరిష్టం అని ప్రచారం చేశారు. ఆ ఎండాకాలం నీళ్లు తగ్గి ఉప్పదనం పెరిగింది, ఉప్పునీళ్లలో బతికే హాలోఆర్కియా అనే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి రంగు తెచ్చాయి. పుణెలోని అఘార్కర్ సంస్థ పరీక్షించి చెప్పిన మాట ఇది. ఆ ఉప్పూ క్షారమూ కొత్తవి కావు, అక్బర్ కాలం నాటి రాతల్లోనే లోనార్‌లో గాజుకీ సబ్బుకీ పనికొచ్చే సరుకు దొరుకుతుందని ఉంది. ఊరి పేరు వెనక ఉన్న కథలో కూడా లోనాసురుడనే రాక్షసుడు పాతాళంలో దాక్కుంటే విష్ణుమూర్తి చంపాడంటారు, ఊళ్లో దైత్యసూదనుడి గుడి అందుకే. ఈసారి వెళ్తే ఆ గుడి మాత్రం వదలకండి, చాలామంది సరస్సు చూసి బస్సెక్కేస్తారు.

అంత పెద్ద ఉల్క పడితే అది గుంట కింద ఉండాలి కదా? ఇనుమో వజ్రాలో తవ్వుకోవచ్చుగా, ప్రభుత్వం ఎందుకు ఊరుకుంటుంది? (ఒక కాంట్రాక్టరు, ఒంగోలు)

మీకంటే ముందు ఒకాయన సరిగ్గా ఇలాగే ఆలోచించి, జీవితం మొత్తం పెట్టేశాడు. అమెరికాలో అరిజోనా ఎడారిలో 1.2 కిలోమీటర్ల వెడల్పు, 170 మీటర్ల లోతున్న గుంట ఉంది. చుట్టుపక్కల ఇనుప ఉల్కముక్కలు బోలెడు దొరికేవి. 1891లో గిల్బర్ట్ అనే పెద్ద భూగర్భ శాస్త్రవేత్త వచ్చి, ఉల్క కింద ఉంటే దిక్సూచి ముల్లు కదలాలి కదా అని కొలిచి చూశాడు. కదల్లేదు. సరే ఇది ఆవిరి పేలుడు, ఉల్కముక్కలు అక్కడ పడటం కాకతాళీయం అని తేల్చేశాడు. పద్ధతిగా పరీక్ష చేసి తప్పు జవాబుకి చేరాడు పాపం.

తర్వాత 1903లో డేనియల్ బారింజర్ అనే మైనింగ్ ఇంజనీరు రంగంలోకి దిగాడు. ఇది ఉల్కదే, కింద కోట్ల టన్నుల ఇనుము ఉందని నమ్మి, కంపెనీ పెట్టి, నడిమధ్యన బోర్లు వేయించాడు. దొరకలేదు. బురదలోకి రైఫిల్ పేల్చి చూస్తే, తూటా ఏటవాలుగా దూరినా గుంట గుండ్రంగానే పడింది. అయితే ఉల్క పక్కకి దూరి ఉంటుందని దక్షిణపు అంచు దగ్గర బోర్లు మొదలుపెట్టాడు. అక్కడా లేదు. ఇరవై ఆరేళ్లు ఇలా గడిచాక 1929లో మౌల్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త లెక్కలు వేసి చెప్పాడు: అంత వేగంతో వచ్చిన వస్తువు గుద్దిన క్షణంలో చాలావరకు ఆవిరైపోతుంది, కింద తవ్వడానికేం లేదు. ఆ ఏడాదే బారింజర్ గుండెపోటుతో పోయాడు.

మనకి తలకెక్కనిది ఈ వేగం సంగతే. రైఫిల్ తూటా సెకనుకి కిలోమీటరు అటూఇటూ పోతుంది. ఈ ఉల్క వేగం పది కిలోమీటర్ల పైమాటే. వేగం పది రెట్లు పెరిగితే దెబ్బ పది రెట్లు కాదు, వంద రెట్లు. అందుకే అది గుచ్చుకోవడం కాదు, బాంబు పేలడం. బాంబు పేలితే గుంట గుండ్రంగానే ఉంటుంది, ఏ పక్కనుంచి విసిరినా. అరిజోనా గుంట చేసిన ఇనుప ముద్ద అడ్డం 50 మీటర్లు ఉంటుందేమో, అంతే.

బారింజర్ అన్నమాట నిజమని ఒప్పుకోవడానికి మాత్రం 1960 దాకా పట్టింది. యూజీన్ షూమేకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు అక్కడి రాళ్లలో కోయసైట్ చూపించారు, పలుగురాయి విపరీతమైన ఒత్తిడికి లోనైతే మారే రూపం అది. అదే ఏడాది షూమేకర్ జర్మనీలో నార్డ్‌లింగెన్ దగ్గర రీస్ అనే 24 కిలోమీటర్ల పళ్లెంలాంటి లోయకీ ఇదే పరీక్ష పెట్టి, అదీ ఉల్క దెబ్బేనని తేల్చాడు. మీరు వజ్రాలన్నారు కాబట్టి చెప్తున్నా, ఆ ఊరి చర్చి కట్టిన రాళ్లలో వజ్రాలున్నాయి. లోకల్ రాయిలో ఉన్న గ్రాఫైట్ ఒత్తిడికి వజ్రమైంది. మైక్రోస్కోపు ఉంటే కనిపిస్తాయి, ఉంగరంలో పెట్టుకునేంత కాదు.

నిజంగా డబ్బొచ్చిన చోటు కెనడాలో సడ్‌బరీ. 185 కోట్ల ఏళ్ల కిందటి దెబ్బకి భూమి రాయే కరిగి, అందులో నికెల్ కిందకి దిగి పోగైంది, ఇప్పటికీ గనులు నడుస్తున్నాయి. అది కూడా మన భూమి నికెలే, ఉల్క తెచ్చింది కాదు. బారింజర్ గుంట ఇప్పటికీ వాళ్ల కుటుంబానిదే, ఇనుము దొరక్కపోయినా జనం టికెట్ కొని చూసి వెళ్తున్నారు.

వాట్సాప్ వీడియోల వాళ్లందరికీ

సహారా ఎడారిలో కన్నులాగా ఉన్నది మారిటేనియాలోని రిషాత్. 40 కిలోమీటర్లు ఉంటుంది, 1965లో అమెరికా జెమిని అంతరిక్షనౌకలోని వ్యోమగాములు పైనుంచి ఫోటోలు తీశాక పేరొచ్చింది. ఉల్క కాదు. నేల బుడగలా పైకి ఉబ్బి, పైభాగం అరిగిపోతే దొంతరలన్నీ ఉల్లిపాయ కోసినట్టు బయటపడ్డాయి. వీడియోలో చెప్పినట్టు మునిగిపోయిన నగరం అంతకన్నా కాదు. తుర్క్‌మెనిస్తాన్‌లో మండే గుంట దర్వాజా, సోవియట్ కాలపు గ్యాస్ తవ్వకాలతో ముడిపడ్డది, దానికీ ఆకాశానికీ సంబంధం లేదు. సైబీరియాలో నేల నోరు తెరిచినట్టున్నది బటగైకా, గడ్డకట్టిన నేల కరిగి కూలిపోతోంది. ఆ మూడోదానికి మాత్రం భయపడటంలో అర్థముంది.

గచ్చిబౌలి వైపు ఫ్లాట్ కొన్నాం. బాల్కనీ ఎదురుగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్లున్నాయి, కింద పడతాయేమోనని మా అత్తయ్యకి ఒకటే టెన్షన్. భీముడు పేర్చాడంటారు, ఆకాశం నుంచి పడ్డాయంటారు. నిజమేంటి? (ఒక గృహిణి, హైదరాబాద్)

మీ అత్తయ్యగారికి చెప్పండి, ఎవరూ పేర్చలేదు, కాబట్టి సరిగ్గా పేర్చలేదన్న భయం అక్కర్లేదు. ఆ గుండ్లు ఎక్కడినుంచీ రాలేదు, ఉన్నచోటే తయారయ్యాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట నేల అడుగున కిలోమీటర్ల లోతులో చల్లారిన గ్రానైట్ అది. పైన ఉన్న బరువు అరిగిపోయేకొద్దీ అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడ్డాయి, అంటే లోపల లోపలే ఇటుకలు కోసినట్టు. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగాయి. ఇటుకకి మూలలు ముందు అరుగుతాయి, ఎందుకంటే మూలకి మూడు పక్కల్నుంచి నీళ్లు తగులుతాయి. మూలలు పోతే మిగిలేది గుండు. అరిగిపోయిందంతా మొరం అయింది. వానలకి మొరం కొట్టుకుపోయాక గుండ్లు మాత్రం ఉన్నచోటే ఒకదాని మీద ఒకటి కూర్చుండిపోయాయి. ఇళ్లు కట్టేటప్పుడు పునాదిలో పోసే మొరం దీనికి తోబుట్టువే.

ఆస్ట్రేలియాలో కార్లు కార్లు అనే చోట, జింబాబ్వేలో హరారే దగ్గరా అచ్చం ఇవే గుండ్లు, ఇదే పద్ధతి. ఆస్ట్రేలియా వాళ్లు వాటిని అక్కడి మూలవాసుల పవిత్రస్థలంగా కాపాడుతున్నారు. జింబాబ్వే వాళ్లు కరెన్సీ నోట్ల మీద వేసుకున్నారు, 2009లో వచ్చిన వంద లక్షల కోట్ల డాలర్ల నోటు మీద కూడా ఈ గుండ్లే (ఆ నోటుకి బస్సు టికెట్ వచ్చేదో లేదో అది వేరే కథ). మనం కంకర కొట్టి రోడ్లకి పోశాం. సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు రాయి ఉంది, సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు ఏళ్ల తరబడి ఇలాంటివి కాపాడమని తిరుగుతున్నారు. మీ బాల్కనీ ఎదురుగా ఉన్నవి ఉన్నన్నాళ్లు ఫోటోలు తీసి పెట్టుకోండి. గుండు దానంతటది పడటం అరుదండీ, దాని కింద జిలెటిన్ పెట్టి పేలిస్తే పడుతుంది.

తిరుమల శిలాతోరణం ఎలా ఏర్పడింది? ఉల్క దెబ్బకా? (ఒక భక్తుడు, మదనపల్లె)

కాదు. క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి పొరల్లో మెత్తటి భాగం గాలికీ వానకీ ముందు పోయి, గట్టిది కమానులా మిగిలింది. 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. నాకైతే దానికన్నా ఘాట్ రోడ్డు పక్కన కనిపించే చోటంటే మోజు. కింద పాత గ్రానైట్ లాంటి రాయి, దాని మీద క్వార్ట్‌జైట్ పొరలు, రెంటి మధ్యా ఒక గీత. ఆ గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతైంది, ఆ కాలానికి చెందిన రాయి లేదు. శిలాతోరణాన్నీ ఈ గీతనీ రెంటినీ జియలాజికల్ సర్వే జాతీయ స్మారకాలుగా ప్రకటించింది. కొండెక్కే భక్తులు గోవిందా అంటూ దాటిపోతారు, డ్రైవరు ఆపడు.

మా బాబాయి దగ్గరికి ఇద్దరు వచ్చి, ఉల్క వల్ల ఇరిడియం పట్టిన పాత చెంబు ఉంది, బియ్యాన్ని లాగుతుంది, నాసా వాళ్లు కోట్లు పెట్టి కొంటారు, టెస్టింగ్‌కి 6 లక్షలు కడితే వాటా ఇస్తామన్నారు. ఇరిడియం ఉల్కల్లో ఉంటుందని మీరే గతంలో రాశారు. పెట్టమంటారా? (ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం)

వద్దు బాబూ. ఈ పేజీ మొత్తంలో నేను ఖచ్చితంగా చెప్పగలిగింది ఇదే. ఇంకా ఇవ్వకపోతే ఇవ్వనివ్వకు, ఇచ్చేసి ఉంటే పోలీస్ స్టేషన్‌కి పొమ్మను, సిగ్గుపడి ఊరుకోవద్దను. ఈ రైస్ పుల్లింగ్ చెంబు మన రెండు రాష్ట్రాల్లో ఏళ్లుగా తిరుగుతోంది, ఊరు మారుతుంది గానీ కథ మారదు. బియ్యానికి ఇనుప రజను పట్టించి, చెంబులో అయస్కాంతం దాస్తే ఏ చెంబయినా లాగుతుంది. ఇరిడియానికి బియ్యంతో ఏ పేచీ లేదు. అది స్పార్క్ ప్లగ్గుల కొసల్లో వాడే ఖరీదైన లోహం, అంతే.

ఉల్కల్లో ఉంటుందన్నది నిజమే, ఎంత ఉంటుందో చూడు. 1980లో, అప్పటికే నోబెల్ అందుకుని ఉన్న భౌతికశాస్త్రవేత్త లూయిస్ అల్వారెజ్, ఆయన కొడుకు వాల్టర్, మరో ఇద్దరు కలిసి, ఇటలీలో గుబ్బియో దగ్గర సున్నపురాతి పొరల మధ్య ఒక సెంటీమీటరు మందం మట్టిపొరలో ఇరిడియం మామూలుకన్నా 30 రెట్లు ఉందని చెప్పారు. పెద్ద గ్రహశకలం గుద్దినందుకే అది భూమంతా పడిందనీ, డైనోసార్లు అందుకే పోయాయనీ అన్నారు. ఇంత గొడవ చేసిన ఆ 30 రెట్లు ఎంతో తెలుసా? టన్ను మట్టిలో 9 మిల్లీగ్రాములు. ఒక్క బియ్యపు గింజ బరువు అంతకన్నా ఎక్కువ. మీ బాబాయి చెంబుకి "పట్టింది" అంటే నవ్వాలో ఏడవాలో.

ఆ గ్రహశకలం చేసిన గుంట తర్వాతి రోజుల్లో దొరికింది, మెక్సికోలో యూకటాన్ దగ్గర చిక్సులుబ్, 180 కిలోమీటర్ల వెడల్పు, కానీ నేల కింద పూడిపోయి ఉంది. చమురు కోసం సర్వే చేస్తున్న ఇద్దరు 1981లోనే చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు, 1991 నాటికి గానీ లోకం నమ్మలేదు. ఆ గ్రహశకలం పడ్డ కాలంలోనే ఇక్కడ మన దక్కన్ లావా పారుతోంది. అది పశ్చిమం నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు వచ్చి రాజమండ్రి దగ్గర ఆగింది. కాతేరు, దుద్దుకూరు క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సముద్రజీవుల శిలాజాలున్న సున్నపురాయి ఉంది, డైనోసార్ల అంతం గురించి పనిచేసేవాళ్లు ఆ క్వారీలకి విదేశాల నుంచి వస్తారు. మీ బాబాయికి ఉల్కల మీద నిజంగా సరదా ఉంటే ఆ 6 లక్షల్లో వెయ్యి ఖర్చుపెట్టి అక్కడికి తీసుకెళ్లు.

పొలం దున్నుతుంటే నల్లగా, మహా బరువుగా రాయి దొరికింది, అయస్కాంతం పట్టుకుంటోంది. ఉల్కేనా? (ఒక రైతు, నిజామాబాద్)

మీ జిల్లా పేరు చూడగానే నాకు అనుమానమొచ్చింది. కోనసముద్రం లాంటి ఊళ్లలో ఒకప్పుడు ఉక్కు తీసి దేశదేశాలకి పంపేవారు, ఆ కొలుముల చిట్టెం ఇప్పటికీ చుట్టుపక్కల పొలాల్లో తేలుతుంటుంది. అదీ నల్లగానే ఉంటుంది, ఒక్కోసారి అయస్కాంతానికీ అంటుకుంటుంది. తేడా ఏంటంటే చిట్టెంలో బుడగలు, చిల్లులు ఉంటాయి, ఉల్కలో దాదాపుగా ఉండవు. ఉల్కకి పైన పలచటి నల్లటి పెచ్చు, మెత్తటి పిండిని బొటనవేలితో నొక్కినట్టు గుంటలు ఉంటాయి. ఇంట్లో టైలు ముక్కుంటే వెనకపక్క గరుకుగా ఉన్నచోట గీయండి. ఎర్రటి గీత పడితే హెమటైట్ అనే ఇనుప ఖనిజం, నల్లటి గీత పడితే మాగ్నెటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజం, ఏమీ పడకపోతే ఆశ పెట్టుకోవచ్చు. అప్పుడు హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫీసుకి పట్టుకెళ్లండి. సుత్తితో పగలగొట్టి ఊరందరికీ ముక్కలు పంచకండి.

రాళ్లు వాటంతటవే నడుస్తాయా? ఇంకో ప్రశ్న, మా ఊరి చెరువు గుండ్రంగా ఉంది. అక్కడ కూడా ఉల్క పడిందా? (ఎనిమిదో తరగతి, కరీంనగర్ దగ్గర ఒక ఊరు)

నడుస్తాయి, కానీ వాటంతటవి కాదు. అమెరికాలో డెత్ వ్యాలీలో ఎండిన చెరువు అడుగున రాళ్లు వెనక గీత గీసుకుంటూ పోయిన గుర్తులుండేవి, కదలడం మాత్రం ఎవరూ చూడలేదు. కొందరు రాళ్లకి జీపీఎస్ కట్టి కాపు కాస్తే 2013 డిసెంబరులో కళ్లముందే కదిలాయి. చలికి నీళ్ల మీద కిటికీ అద్దమంత పలచటి మంచుపొర కట్టింది, ఎండెక్కాక అది పగిలి, చిన్న గాలికే పలకలుగా జరుగుతూ రాళ్లని నెట్టింది. నిమిషానికి రెండు నుంచి ఐదు మీటర్లు. నత్త కన్నా నయం, నీకన్నా చాలా నెమ్మది.

చెరువు సంగతికి, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో మ్యాప్ చూస్తే తేలదు. ఆదివారం పొద్దున్నే నాన్నతోనో తాతయ్యతోనో కలిసి చుట్టూ ఒకసారి నడువు. ఒక పక్క మట్టికట్ట, దానికి తూము, ఆ చివర నీళ్లు పొర్లే మత్తడి ఉన్నాయా? ఉంటే అది నీ తాతముత్తాతలు తవ్వి కట్టుకున్న చెరువు. కట్ట లేకుండా చుట్టూ అంచు ఒకే ఎత్తున లేచి ఉంటే, ఆ అంచులోంచి ఒక రాయి తీసి నాకు పంపు.